ఎండ, నీడ, చుక్కలు: మన అక్షాంశాల్లో దిక్కు పట్టడానికి ఏ పద్ధతిని ఎంచుకోవాలి

చేతి గడియారంలోని గంటల ముల్లును సూర్యుడి వైపు తిప్పి, ఆ ముల్లుకూ 12 అంకెకూ మధ్యనున్న కోణాన్ని సగానికి కోస్తే దక్షిణం దొరుకుతుందని స్కౌట్ల పాఠాల్లో చాలామంది చదివే ఉంటారు. జూన్ 21న హైదరాబాదులో, సూర్యుడి లెక్క (సూర్యుడు ఆకాశంలో అత్యంత ఎత్తున ఉన్నప్పుడే 12 గంటలు అనుకునే లెక్క) ప్రకారం ఉదయం 11 గంటలకు ఈ పద్ధతిని పాటించిన వ్యక్తికి గడియారం "ఇదే దక్షిణం" అని చూపించేది తూర్పుకు 11 డిగ్రీలు ఉత్తరంగా ఉన్న దిక్కును. అంటే తప్పు 100 డిగ్రీలు. దక్షిణానికి వెళుతున్నానని నమ్మి ఆ మనిషి తూర్పు పట్టి నడుస్తాడు.

ఆ పద్ధతి అబద్ధం కాదు, అది పుట్టిన చోటు వేరు. 40 నుంచి 55 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, అంటే యూరప్‌లో, ఉత్తర అమెరికాలో, సూర్యుడు ఏడాది పొడవునా మధ్యాహ్నం దక్షిణం వైపే ఉంటాడు. తిరుపతి 13.6 డిగ్రీల దగ్గర, విజయవాడ 16.5 దగ్గర, హైదరాబాదు 17.4 దగ్గర, ఆదిలాబాదు 19.7 దగ్గర ఉన్నాయి. ఇవన్నీ కర్కటరేఖకు దిగువన ఉన్నాయి కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు మన నడినెత్తి మీదుగా పోతాడు. హైదరాబాదులో అది మే 10, ఆగస్టు 3 తేదీలకు అటూ ఇటూగా జరుగుతుంది. ఆ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. తిరుపతిలో ఈ కాలం ఇంకా పొడవు, ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు. అందువల్ల మన నేల మీద నడిచేవారు పద్ధతిని ఎంచుకునే ముందు "ఇది ఏ నెల, ఏ గంట" అని అడగాలి. అన్ని కాలాలకూ సరిపోయే ఒకే పద్ధతి మనకు లేదు, కానీ ప్రతి కాలానికీ ఒక మంచి పద్ధతి ఉంది.

పోల్చడానికి ముందు ఒక కొలత పెట్టుకోవాలి. దిక్కులో 10 డిగ్రీల తప్పు ఉంటే కిలోమీటరు నడిచేసరికి గురికి 175 మీటర్లు పక్కకు పోతాం. 20 డిగ్రీలైతే 340 మీటర్లు. 30 డిగ్రీలైతే అర కిలోమీటరు. రోడ్డునో నదినో చేరుకోవాలంటే 20 డిగ్రీల తప్పునైనా భరించవచ్చు, ఎందుకంటే పొడవైన గురి ఎక్కడో ఒక చోట తగులుతుంది. చెలమనో గుడినో చేరుకోవాలంటే 10 డిగ్రీలే ఎక్కువ. మన గురి ఎలాంటిదో తెలిస్తే పద్ధతి మీద పెట్టాల్సిన శ్రమ ఎంతో కూడా తెలుస్తుంది.

దిక్సూచి చేతిలో ఉంటే మిగిలిన పద్ధతులన్నీ దాని తరవాతివే. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా రెండు డిగ్రీల లోపే కాబట్టి ముల్లు చూపించిందే ఉత్తరం అనుకోవచ్చు. సిగ్నల్ లేకపోయినా ఫోనులోని జీపీఎస్ పనిచేస్తుంది, అయితే ఛార్జింగు అయిపోతే అదీ లేదు. ఫోనులోని దిక్సూచి అయస్కాంతం ఉన్న కవరుకో, పక్కనున్న ఇనుముకో లోబడి తప్పు చూపుతుంది. ఆకాశాన్ని చదవడం నేర్చుకునేది ఆ రెండూ లేని గంట కోసం, అవి తప్పు చెబుతున్నాయని పసిగట్టడం కోసం.

పొద్దున, సాయంత్రం: సూర్యుణ్ణి నేరుగా చూడడమే మేలు

మన అక్షాంశం గడియారం పద్ధతిని పాడుచేసినా దానికి బదులుగా ఒక పెద్ద వరం ఇచ్చింది. లండన్‌లో సూర్యోదయ స్థానం ఏడాదిలో తూర్పుకు అటు 40 డిగ్రీలు, ఇటు 40 డిగ్రీలు జరుగుతుంది. హైదరాబాదులో అది 25 డిగ్రీలు దాటదు. మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల్లో సరిగ్గా తూర్పు, జూన్ చివర 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర 25 డిగ్రీలు దక్షిణంగా. పైగా ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాడు కాబట్టి, ఎత్తు పెరిగినంత వేగంగా దిక్కు మారదు. విషువత్తు రోజున, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే ఆ మార్చి, సెప్టెంబరు తేదీల్లో, సూర్యుడి లెక్కలో 8 గంటలకు, అంటే ఉదయించిన రెండు గంటల తరవాత కూడా, సూర్యుడు తూర్పుకు 10 డిగ్రీలు మాత్రమే దక్షిణంగా జరిగి ఉంటాడు.

జూన్ నెలలో ఇది మరీ అనుకూలంగా ఉంటుంది. హైదరాబాదులో ఆ నెల చివర సూర్యుడు ఉదయించినప్పటి నుంచి 11 గంటల దాకా తూర్పుకు 16 నుంచి 26 డిగ్రీలు ఉత్తరంగానే, దాదాపు ఒకే దిక్కులో, నిలిచి పైకి ఎక్కుతాడు. మధ్యాహ్నం ఒంటిగంట తరవాత అదే తీరున పడమటి వైపు దిగుతాడు. అంటే జూన్‌లో ఉదయపు నీడ ఇంచుమించు పడమరకు కాస్త దక్షిణంగా, సాయంత్రపు నీడ తూర్పుకు కాస్త దక్షిణంగా పడుతుందని గుర్తుంచుకుంటే చాలు, కర్ర గానీ గడియారం గానీ అక్కరలేదు. గడియారం పద్ధతి 100 డిగ్రీలు తప్పిన ఆ రోజే, ఆ గంటకే, సూర్యుడి వైపు చేయి చాచి "ఇది తూర్పు, కొంచెం ఉత్తరం" అన్న మనిషి సరిగ్గా చెప్పినట్టు.

డిసెంబరులో పరిస్థితి తిరగబడుతుంది. ఉదయించేటప్పుడు తూర్పుకు 25 డిగ్రీలు దక్షిణంగా ఉన్న సూర్యుడు 9 గంటలకే 40 డిగ్రీలు దాటి ఆగ్నేయానికి దగ్గర పడతాడు, 11 గంటలకు దక్షిణానికి 20 డిగ్రీల దూరంలో ఉంటాడు. చలికాలంలో ఉదయపు సూర్యుణ్ణి తూర్పు అనుకుంటే మొదటి గంటలోనే మోసపోతాం.

గడియారం పద్ధతికి న్యాయంగా దక్కాల్సిన చోటు కూడా ఈ డిసెంబరే. నేను లెక్క వేసి చూస్తే, హైదరాబాదు అక్షాంశంలో డిసెంబరు చివర ఉదయం 8 నుంచి 11 వరకు దాని తప్పు 7 డిగ్రీలు మించలేదు. నవంబరు మొదట్లో, ఫిబ్రవరి మొదట్లో 10 నుంచి 15 డిగ్రీలు. విషువత్తు నాటికి ఉదయం 9 గంటలకు 28 డిగ్రీలు. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా దాన్ని వాడుకోవచ్చు, ఆ తరవాత పక్కన పెట్టాలి. వాడేటప్పుడు కూడా గడియారాన్ని సూర్యుడి లెక్కకు మార్చుకోవాలి. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది. అది కాకినాడకు దగ్గరగా పోతుంది కాబట్టి అక్కడ తేడా నిమిషమే. హైదరాబాదు నాలుగు డిగ్రీలు పడమరగా ఉన్నందున సూర్యుడు సగటున 16 నిమిషాలు ఆలస్యం. భూమి నడకలోని హెచ్చుతగ్గులు కూడా కలిస్తే హైదరాబాదులో అసలైన మధ్యాహ్నం ఫిబ్రవరి రెండో వారంలో సుమారు 12.30కు, నవంబరు మొదటి వారంలో సుమారు 12.00కు వస్తుంది.

నట్టనడి పొద్దు: కర్ర నీడ

ఎండ నెత్తికెక్కాక సూర్యుడి వైపు చూసి దిక్కు చెప్పడం మన దగ్గర కుదరదు, ఇక నీడనే అడగాలి. ఇందులో మూడు తీరులున్నాయి, మూడింటికీ ఫలితం వేరు, పట్టే సమయం వేరు.

సులువైనది, ప్రమాదకరమైనది మధ్యాహ్నపు నీడను ఒక్కసారి చూసి "ఉత్తరం" అనేయడం. మే, జూన్, జులై నెలల్లో అది దక్షిణమవుతుందని పైన చెప్పాను. చలికాలంలో సరైన దిక్కే చూపినా, సమయం తప్పితే తేడా పెద్దది. హైదరాబాదులో ఫిబ్రవరి మధ్యలో అరగంట ముందుగా చూస్తే 14 డిగ్రీలు, మార్చి 21న అదే అరగంటకు 24 డిగ్రీలు తప్పుతాం. సూర్యుడు ఎంత పైన ఉంటే నీడ అంత త్వరగా తిరుగుతుంది. డిసెంబరులో మీటరు కర్రకు 86 సెంటీమీటర్ల మధ్యాహ్నపు నీడ ఉంటుంది, విషువత్తుకు 31, జూన్ 21న దక్షిణానికి 10 సెంటీమీటర్లు మాత్రమే.

నేను ఎక్కువగా సిఫారసు చేసేది నీడ కొన పద్ధతి. చదునైన చోట మీటరు కర్రను నిలువుగా పాతి, నీడ కొన దగ్గర ఒక రాయి పెట్టి, పావుగంట లేదా ఇరవై నిమిషాలు ఆగి, కొత్త కొన దగ్గర రెండో రాయి పెట్టాలి. మొదటి రాయి పడమర, రెండో రాయి తూర్పు. మధ్యాహ్నానికి దగ్గరలో మీటరు కర్ర నీడ కొన పావుగంటలో 6 నుంచి 8 సెంటీమీటర్లు కదులుతుంది కాబట్టి గీత గీయడానికి అది చాలు. ఈ పద్ధతి గొప్పతనం ఏమిటంటే సూర్యుడు ఉత్తరాన ఉన్నాడా దక్షిణాన ఉన్నాడా అన్న ప్రశ్నే దీనికి లేదు. నడినెత్తిన ఉండి నీడ కర్ర మొదట్లోనే దాక్కున్న రోజున కూడా నీడ కొన పడమర నుంచి తూర్పుకే పోతుంది. అయితే దీనికీ ఒక గంట ఉంది. జూన్‌లో గానీ డిసెంబరులో గానీ ఉదయం 8, 9 గంటల మధ్య చేస్తే 20 డిగ్రీల దాకా తప్పు వస్తుంది, 10, 11 మధ్య 10 డిగ్రీలకు తగ్గుతుంది, మధ్యాహ్నానికి ఇటూ అటూ మరింత తగ్గుతుంది. విషువత్తుల దగ్గర రోజంతా సరిగానే ఉంటుంది. అంటే ఇది సూర్యోదయ పద్ధతికి పోటీ కాదు, అది ఆగిపోయిన చోట మొదలయ్యే పద్ధతి.

మూడోది మన పూర్వుల శంకువు, అంటే నిలువుగా నిలిపే పుల్ల. చదునైన నేల మీద వృత్తం గీసి, మధ్యలో 12 అంగుళాల (పూర్వపు లెక్కలో అంగుళమంటే వేలి వెడల్పు) శంకువును నిలిపి, ఉదయం నీడ కొన వృత్తం లోపలికి వచ్చే బిందువునూ సాయంత్రం బయటికి పోయే బిందువునూ గుర్తించి కలిపితే తూర్పు పడమరల గీత వస్తుంది. సూర్యసిద్ధాంతమనే ప్రాచీన ఖగోళ గ్రంథంలోని త్రిప్రశ్నాధికారం అనే అధ్యాయం ఈ పనితోనే మొదలవుతుంది. యజ్ఞవేదికల కొలతలు చెప్పిన కాత్యాయన శుల్బసూత్రంలో కూడా ఇదే ఉంది. డిగ్రీ, రెండు డిగ్రీల ఖచ్చితత్వం దీనిది, కర్రతో చేసే పద్ధతుల్లో దీన్ని మించింది లేదు. కానీ మూడు నాలుగు గంటలు ఒకే చోట ఉండాలి. నడిచేవారికి ఇది పనికిరాదు. విడిది చేసినవారికి, ఇంటి మిద్దె మీద సాధన చేసేవారికి ఇంతకన్నా మంచిది లేదు.

రాత్రి: ధ్రువుడొక్కడే కాదు

రాత్రి దిక్కు అనగానే అందరూ ధ్రువ నక్షత్రం పేరు చెబుతారు. సరైన మాటే, ధ్రువుడు అసలు ఉత్తర బిందువుకు డిగ్రీ లోపే ఉంటాడు, ఏ కాలంలోనూ కదలడు. అయితే ఒక చోట ధ్రువుడి ఎత్తు ఆ చోటి అక్షాంశమే. తిరుపతిలో 14 డిగ్రీలు, హైదరాబాదులో 17, ఆదిలాబాదులో 20. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు, కాబట్టి మనకు ధ్రువుడు దిగంతం నుంచి రెండు పిడికిళ్ళ లోపే ఉంటాడు. ఒక కొండ, ఒక చెట్ల వరస, వేసవి దుమ్ము చాలు ఆ చుక్క కనబడకుండా పోవడానికి. నల్లమల లోయలో నిలబడి ధ్రువుణ్ణి వెతకడమంటే చాలాసార్లు కొండను చూస్తూ నిలబడడమే. అందుకే మన రాత్రులకు దక్షిణపు చుక్కలూ తూర్పు పడమరల చుక్కలూ కూడా కావాలి. అవి మన అక్షాంశంలో యూరప్ వాసులకు దక్కనంత బాగా కనిపిస్తాయి.

ఎంపికను ఇక్కడ కాలాన్ని బట్టి చేయాలి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నా మొదటి ఎంపిక ఒరాయన్ అనే చుక్కల గుంపు నడికట్టులోని మూడు చుక్కలు. ఆర్ద్రా నక్షత్రం ఈ గుంపులోనిదే. ఆ మూడూ ఖగోళ మధ్యరేఖను (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీతను) ఆనుకుని ఉన్నందున భూమి మీద ఎక్కడైనా తూర్పున ఉదయించి పడమరన అస్తమిస్తాయి, మన అక్షాంశంలో తప్పు సుమారు రెండు డిగ్రీలు మించదు. డిసెంబరు మధ్యలో సాయంత్రం 6 గంటలకు ఉదయం, ఏప్రిల్ మధ్యలో రాత్రి 10 గంటలకు అస్తమయం. ఇవి నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు మాత్రం పనికిరావు, అప్పుడు అగస్త్యుణ్ణి చూడాలి.

అగస్త్య నక్షత్రం ఆకాశంలో రెండో ప్రకాశవంతమైన చుక్క. అన్నిటికన్నా ప్రకాశవంతమైన లుబ్ధకుడు ఆకాశంలో అత్యంత ఎత్తుకు చేరినప్పుడు, దాని నుంచి నిలువుగా కిందికి చూస్తే దక్షిణాన రెండు పిడికిళ్ళ ఎత్తులో అగస్త్యుడు ఉంటాడు. ఫిబ్రవరి మధ్యలో ఇది రాత్రి 9 గంటలు దాటాక, మార్చి మొదట్లో 8 దాటాక జరుగుతుంది. ఆ వేళకు గంట ముందూ గంట తరవాతా కూడా తప్పు సుమారు 13 డిగ్రీలు మించదు. వేళ అసలే తెలియకపోయినా హైదరాబాదులో కనిపించే అగస్త్యుడు ఎప్పుడూ దక్షిణానికి 34 డిగ్రీల లోపలే ఉంటాడు. ధ్రువుడి కన్నా ఎంతో కాంతివంతమైన ఈ చుక్క మన జేబులో ఉన్న దక్షిణపు దిక్సూచి లాంటిదని నా నమ్మకం. ఉత్తర దేశాల పాఠాలు చదివిన మనం దీన్ని మరిచిపోవడం బాధాకరం.

మార్చి నుంచి జూన్ దాకా సప్తర్షులు వెలిగే కాలం. క్రతువు, పులహుడు అనే ముందరి రెండు చుక్కలను కలిపిన గీతను వాటి మధ్య దూరానికి అయిదింతలు పొడిగిస్తే ధ్రువుడు. ఏప్రిల్ మొదట్లో రాత్రి సుమారు 10.30కు, మే మొదట్లో సుమారు 8.30కు ఈ జంట ధ్రువుడికి సరిగ్గా పైన నిలుస్తుంది కాబట్టి ధ్రువుడు కొండ వెనక ఉన్నా ఆ గీతను కిందికి దించి ఉత్తరాన్ని పట్టుకోవచ్చు. మే మధ్యలో రాత్రి 9 గంటలు దాటాక వెనక్కి తిరిగితే దక్షిణాన త్రిశంకు అనే నాలుగు చుక్కల గుంపు నిటారుగా నిలబడి ఉంటుంది. దాని కింది చుక్క హైదరాబాదులో దిగంతానికి పిడికిలి ఎత్తులోనే ఉంటుంది, తిరుపతిలో ఇంకా కాస్త పైకి. దక్షిణం వైపు ఆకాశం విశాలంగా తెరుచుకుని ఉంటే తప్ప దీన్ని నమ్ముకోకూడదు. జూన్ చివర మబ్బుల సందుల్లో దొరికేది వృశ్చికం. అందులోని ఎర్రని జ్యేష్ఠ రాత్రి 10 దాటాక దక్షిణాన నడి ఎత్తులో ఉంటుంది.

అక్టోబరు, నవంబరు సాయంకాలాల్లో సప్తర్షులు మనకు దిగంతం కిందికి పోతారు. చలి దేశాల్లో అవి ఎన్నడూ అస్తమించవు కనుక అక్కడి పాఠాలు ఈ ఇబ్బందిని ప్రస్తావించవు. అప్పుడు కాసియోపియా అనే అయిదు చుక్కల గుంపును చూడాలి. నవంబరు మొదటి వారంలో రాత్రి 10 దాటాక అది ఉత్తరాన ఇంగ్లీషు ఎం అక్షరంలా పైకి చేరుతుంది, దాని నడిమి చుక్క నుంచి నిలువుగా కిందికి వస్తే ఉత్తరం.

ఏ చుక్క పేరూ తెలియనివారికి కూడా ఒక దారి ఉంది. కదలకుండా కూర్చుని ఒక చుక్కను కొమ్మ అంచుకు ఆనించి పావుగంట చూడాలి. పైకి లేస్తుంటే మనం చూస్తున్నది తూర్పు, దిగుతుంటే పడమర, కుడికి జరుగుతుంటే దక్షిణం, ఎడమకు జరుగుతుంటే ఉత్తరం. నడినెత్తిన ఉన్న చుక్కతో మాత్రం ఇది చేయకూడదు. దిక్కు మోటుగానే తెలుస్తుంది, కానీ రోడ్డునో నదినో చేరాలనుకునేవారికి అది సరిపోతుంది.

చంద్రుడి విషయంలో ఒక పద్ధతిని వదిలేయాలి, ఒకదాన్ని పట్టుకోవాలి. నెలవంక రెండు కొమ్ములనూ కలిపే గీతను దిగంతం దాకా దించితే దక్షిణం అనేది మన దగ్గర పనిచేయదు. మన నెలవంక చాలాసార్లు పడవలా వెల్లకిలా ఉంటుంది, ఆ గీత దిగంతానికి తగలనే తగలదు. పట్టుకోవాల్సింది పక్షాల లెక్క. శుక్లపక్షంలో చంద్రుడి వెలుగు వైపు పడమర, కృష్ణపక్షంలో వెలుగు వైపు తూర్పు. పున్నమి చంద్రుడైతే ఆరు నెలల అవతలి సూర్యుడి దారిలో నడుస్తాడు. డిసెంబరు పున్నమి చంద్రుడు జూన్ సూర్యుడిలా నడినెత్తికి ఉత్తరంగా కూడా పోగలడు, కాబట్టి "అర్ధరాత్రి పున్నమి చంద్రుడు దక్షిణం" అనే మాట మనకు చెల్లదు.

రెండు నడకలకు రెండు ఎంపికలు

శివరాత్రికి నల్లమల అడవిలో ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరే కాలిబాట మొత్తం మీద ఈశాన్యంగా సాగుతుంది. ఫిబ్రవరి చివర సూర్యుడు తూర్పుకు 12 డిగ్రీల లోపు దక్షిణంగా ఉదయిస్తాడు, కాబట్టి పొద్దున నడుస్తుంటే ఎండ కుడి చెంప ముందు భాగాన పడాలి. ఎడమ చెంప మీద పడుతోందంటే బాట తప్పినట్టే. మధ్యాహ్నం ఆగిన చోట నీడ కొన పద్ధతి చాలు. బహుళ చతుర్దశి రాత్రి చంద్రుడు తెల్లవారబోయే ముందు గానీ రాడు కనుక చుక్కలు నిండుగా ఉంటాయి, విడిదిలో అగస్త్యుణ్ణి చూసి మరునాటి దిక్కు ముందే ఖాయం చేసుకోవచ్చు. ధ్రువుడి కోసం అక్కడ వెతకమని నేను చెప్పను.

చైత్ర పున్నమికి సలేశ్వరం వెళ్ళేవారికి ఇదే అడవిలో వేరే ఎంపిక. ఏప్రిల్‌లో సూర్యుడు నడినెత్తికి దగ్గరపడుతుంటాడు కాబట్టి 10 గంటల తరవాత సూర్యుణ్ణి చూసి దిక్కు చెప్పబోవద్దు. పొద్దు గుంకే వేళకు పున్నమి చంద్రుడు అక్టోబరు సూర్యుడిలా తూర్పుకు కాస్త దక్షిణంగా లేస్తాడు, మొదటి రెండు గంటలు ఆయనే తూర్పు. వెన్నెలలో చిన్న చుక్కలు మాసిపోయినా ఉత్తరాన సప్తర్షులు కనిపిస్తూనే ఉంటారు. ఈ రెండు చోట్లా అటవీ శాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన బాటల్లోనే నడవాలి. ఇది పులులు తిరిగే అడవి.

వర్షాకాలంలో పలుచని మబ్బు ఉంటే తెల్ల కాగితం మీద చాకు మొన నిలిపి చూస్తే సన్నని నీడ ఆనవాలు దొరకవచ్చు. దట్టంగా ముసురు పట్టినప్పుడు మాత్రం ఈ పద్ధతుల్లో ఏదీ పనిచేయదు, ఊహించి నడవడం కన్నా ఉన్నచోటే ఆగడం మేలు.

సాధన చేయదలచినవారు ఫిబ్రవరిలో ఒక సెలవు రోజున మిద్దె మీద శంకువు వృత్తంతో మొదలుపెట్టాలి. ఉదయపు బిందువును, సాయంత్రపు బిందువును కలిపి, దానికి అడ్డంగా ఉత్తర దక్షిణాల గీతను సుద్దతో గీసి వదిలేయాలి. అదే రాత్రి 9 దాటాక ఆ గీత మీద నిలబడి దక్షిణం వైపు చూస్తే అగస్త్యుడు గీత కొసన ఉండాలి. వెనక్కి తిరిగితే, పక్కింటి నీళ్ళ ట్యాంకు అడ్డు రాకపోతే, ధ్రువుడు రెండు పిడికిళ్ళకు కాస్త కింద కనిపించాలి.